జూలియట్ అడిగింది ‘ఎక్కడ’ అని కాదు

రాత్రి రెండున్నర. పొద్దున తొమ్మిదింటికల్లా ఆరో ఎపిసోడ్ పంపేయాలి. ఆసుపత్రి సీరియల్. అందులో ఒక ముసలి సర్జన్, చనిపోయిన స్నేహితుడి మొహం మీదికి దుప్పటి లాగుతూ, అన్‌డిస్కవర్డ్ కంట్రీకి బయల్దేరాడని ఇంగ్లీషులో ఒక్క లైను అంటాడు. నిద్రమత్తో, టెన్షనో, "ఇంకా ఎవరూ కనిపెట్టని దేశానికి బయల్దేరాడు" అని కొట్టేసి తర్వాతి లైనుకి వెళ్ళిపోయాను.

మూడు రోజుల తర్వాత ఫైలు వెనక్కి వచ్చింది. మా పని సరిచూసే ఆవిడ ఆ లైను పక్కన ఎర్ర రంగులో రాశారు: "కొలంబస్ కాదండీ, మనిషి పోయాడు. హామ్లెట్ మూడో అంకం, మొదటి రంగం ఒకసారి చూడండి."

నేను ఇంగ్లీషు సినిమాలకీ సీరియల్స్‌కీ తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తాను. రెండు లైన్లకి మించకూడదు, తెర మీద ఉండే కొద్ది సెకన్లలో చదవడం అయిపోవాలి. అంతకుమించి ఈ ఉద్యోగంలో పెద్ద రహస్యాలేమీ లేవు. షేక్స్‌పియర్ అంటారా, డిగ్రీలో గైడు చదివి గట్టెక్కిన బాపతు నేను. ఆ రోజు ఉక్రోషం కొద్దీ హామ్లెట్ మూడో అంకం తెరిచాను. చావు అనేది ఒక దేశమట. దాని పొలిమేర దాటిన బాటసారి ఎవడూ తిరిగి రాలేదట. అక్కడ ఏముందో తెలియకే మనం ఇక్కడి కష్టాలని భరిస్తూ కూర్చుంటామట. చదివాక నా లైను ఇలా మార్చాను: "ఎవరూ తిరిగిరాని చోటికి వెళ్ళిపోయాడు." చూస్తే ఇది మన పేపర్లు రోజూ రాసే ‘తిరిగిరాని లోకాలకు’ మాటే. మనవాళ్ళు హామ్లెట్ దగ్గర తెచ్చుకున్నారని కాదు. పోయినవాళ్ళ గురించి ఎక్కడి మనిషికైనా తట్టే మాట అది. ఇంకో తమాషా కూడా ఉంది. ఎవడూ తిరిగి రాలేదంటున్న ఈ హామ్లెట్టే, చచ్చిపోయిన తండ్రి మొదటి అంకంలో దెయ్యమై వచ్చి చెప్పినదంతా చెవులప్పగించి విన్నాడు.

తర్వాత తెలిసింది, నేను వేసిన తప్పు అర్థం కూడా మరీ తీసిపారేసేది కాదని. 1991లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ ఆరో సినిమా పేరే ‘ది అన్‌డిస్కవర్డ్ కంట్రీ’. అందులో విందు దగ్గర క్లింగాన్ అనే గ్రహాంతర జాతి నాయకుడు గ్లాసు పైకెత్తి ఈ మాటే అని, దానికి ‘భవిష్యత్తు’ అని అర్థం చెబుతాడు. వెంటనే నౌక అధికారి స్పాక్, "హామ్లెట్, మూడో అంకం, మొదటి రంగం" అంటాడు. అచ్చం నా ఫైలు దిద్దిన ఆవిడలాగే. ఆ విందులోనే, షేక్స్‌పియర్‌ని అసలు క్లింగాన్ భాషలో చదివితే గానీ రుచి తెలియదని కూడా ఆ నాయకుడు అంటాడు. జోకు అక్కడితో ఆగలేదు. అభిమానులు కూర్చుని, సినిమా కోసం కల్పించిన ఆ భాషలోకి హామ్లెట్ మొత్తాన్నీ దించి అచ్చు వేశారు.

ఆ ఎర్ర అక్షరాల తర్వాత ఒక నోటుబుక్కు పెట్టాను. పేరు ‘దొంగసరుకు’. నా చేతికొచ్చే స్క్రిప్టుల్లో షేక్స్‌పియర్ ముక్క ఎక్కడ దాక్కున్నా అందులో రాస్తాను. ఇప్పటికి 200 పైన అయ్యాయి. పోలీసులు, లాయర్లు, వంటల పోటీ జడ్జీలు, గ్రహాంతరవాసులు, ఎవరు పడితే వాళ్ళు వాడేస్తుంటారు. తాము ఎవరి మాట అంటున్నారో వాళ్ళలో చాలామందికి తెలియదు.

పని కాకుండా ఊరికే ఊరంతా తిప్పించడాన్ని ‘వైల్డ్ గూస్ చేజ్’ అంటారు కదా. అడవి బాతు వెంట పరుగు. ఇది ‘రోమియో అండ్ జూలియట్’లో మెర్క్యూషియో మాట. అప్పట్లో అది ఒక రకం గుర్రప్పందెం. ముందువాడు ఎటు తిప్పితే వెనకవాళ్ళంతా అటే వెళ్ళాలి, ఆకాశంలో బాతుల వరసలాగా. పందెం పోయింది, మాట మిగిలింది. నేను "తిరిగి తిరిగి కాళ్ళరిగాయి" అని రాస్తాను.

‘ఇట్స్ గ్రీక్ టు మీ’. అర్థం కాని ప్రతిదానికీ ఇదే. ‘జూలియస్ సీజర్’లో కాస్కా ఈ మాట అన్నప్పుడు అది నిజంగానే గ్రీకు. సిసెరో గ్రీకులో ఏదో అన్నాడు, తెలిసినవాళ్ళు నవ్వుకుని తలలు ఊపారు, నాకు మాత్రం అది గ్రీకే అంటాడు. మామూలు సమాచారం సామెతై కూర్చుంది.

‘ఇన్ ఎ పికిల్’ అంటే చిక్కులో పడటం. ‘ది టెంపెస్ట్’లో ట్రింక్యులో అన్నప్పుడు దాని వెనక పీకలదాకా తాగిన మైకం ఉంది. మొదటిసారి ఇది తగిలినప్పుడు "పచ్చడైపోయాను" అని రాద్దామా అని చెయ్యి దురద పెట్టింది. రాయలేదు. తెలుగులో పచ్చడైనవాడు తన్నులు తిన్నవాడు. ఇంగ్లీషు పికిల్‌లో ఉన్నవాడి మీద ఇంకా చెయ్యి పడలేదు.

నోటుబుక్కులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ ఇయాగోది. డేటింగ్ షోలు చేసేటప్పుడు ప్రతి రెండో ఎపిసోడ్‌లో ఎవరో ఒకరు, కళ్ళు కాస్త తడి చేసుకుని, తాను హృదయాన్ని చొక్కా చేతి మీద తొడుక్కునే రకం అంటారు. మనసులో ఏముంటే అదే పైకి కనిపిస్తుందని భావం. ఈ మాట ‘ఒథెల్లో’ మొదటి రంగంలో ఇయాగోది. నాటక సాహిత్యంలో అంతటి అబద్ధాలకోరు మళ్ళీ దొరకడు. అతను అన్నది దీనికి పూర్తిగా తలకిందులు. నా లోపలిది పైకి కనిపించిన రోజున నా గుండెని చొక్కా చేతికి కట్టుకున్నట్టే, కాకులు పొడుచుకు తింటాయి, అలాంటి పని నేను చెయ్యను అని. ఆ వెంటనే, పైకి కనిపించేవాణ్ణి నేను కాదు అని కూడా అంటాడు. ఇప్పుడు ఆ మాటనే నిజాయితీకి గుర్తుగా చెప్పుకుంటున్నారు. నేను మాత్రం బుద్ధిగా "నా మనసులో ఏముంటే అదే నా మొహంలో కనిపిస్తుంది" అని రాసి, ఆ చెప్పినవాడు ఎన్నో ఎపిసోడ్‌లో మోసం చేస్తాడా అని చూస్తూ ఉంటాను.

ఇక జూలియట్. ఆవిడకి జరిగిన అన్యాయం ఇంకెవరికీ జరగలేదు.

కార్టూన్లలో, కామెడీ స్కిట్లలో, సబ్బు ప్రకటనల్లో ఒకటే బొమ్మ. ఒక అమ్మాయి బాల్కనీలో నిలబడి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, చీకట్లోకి వెతుకుతూ, "వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో" అంటుంది. కింద పొదల్లోంచి కుర్రాడు, "ఇదిగో ఇక్కడే ఉన్నా" అంటాడు. అందరూ నవ్వుతారు. ‘వేర్‌ఫోర్’ అంటే ఎక్కడ అని కాదు. ఎందుకు అని. జూలియట్ అతన్ని వెతకడం లేదు, అతను కింద ఉన్నాడని ఆమెకి తెలియనే తెలియదు. పగవాడి ఇంటి కుర్రాణ్ణి ప్రేమించానని కొద్దిసేపటి క్రితమే తెలిసింది. తనలో తను మాట్లాడుకుంటోంది: రోమియో, నువ్వు రోమియోవి ఎందుకయ్యావు? ఆ ఇంటి పేరుతో ఎందుకు పుట్టావు? పేరు వదిలెయ్. నువ్వు వదలలేకపోతే నన్ను ప్రేమిస్తానని ఒట్టు పెట్టు, నేనే మా ఇంటి పేరు వదిలేస్తాను. ఆ తర్వాతే గులాబీని ఏ పేరుతో పిలిచినా అదే వాసన అన్న మాట వస్తుంది. ‘ఎక్కడ’ అని అర్థం చేసుకుంటే ఇదంతా పోయి, దారి తప్పిన పిల్లాణ్ణి వెతుక్కునే పిల్ల ఒకతి మిగులుతుంది.

అన్నట్టు నాటకంలో ‘బాల్కనీ’ అన్న మాట ఒక్కసారి కూడా రాదు. జూలియట్ పైన ఉంటుంది, కిటికీ ప్రస్తావన ఉంటుంది, అంతే. బాల్కనీ తర్వాతి కాలపు రంగస్థలం వాళ్ళు తగిలించింది. ఇటలీలోని వెరోనా ఊళ్ళో ‘జూలియట్ ఇల్లు’ అని ఒకటి చూపిస్తారు. దాని బాల్కనీ 20వ శతాబ్దంలో కట్టింది. నాటకంలో లేని బాల్కనీని, ఎప్పుడూ పుట్టని అమ్మాయి కోసం కట్టి ఉంచితే, దాని కింద నిలబడి ఫొటోలు దిగడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. ప్రేమ కష్టాలు చెప్పుకుంటూ జూలియట్‌కి ఉత్తరాలు రాస్తారు. వాటికి జవాబులు రాసే స్వచ్ఛంద కార్యకర్తలు కూడా ఆ ఊళ్ళో ఉన్నారు. నవ్వొచ్చే విషయమే. కానీ ఆ జవాబులు రాసేవాళ్ళంటే నాకు ఎక్కడో అసూయ. వాళ్ళకి రెండు లైన్ల హద్దు లేదు.

హామ్లెట్‌కి కూడా ఇలాంటిదే జరిగింది. చేతిలో పుర్రె పట్టుకుని "టు బీ ఆర్ నాట్ టు బీ" అంటున్న బొమ్మ చూడనివాళ్ళుండరు. నాటకంలో ఆ రెండూ కలవవు. ఆ స్వగతం మూడో అంకంలో ఉంది, చేతిలో పుర్రె లేదు. పుర్రె అయిదో అంకంలో, శ్మశానంలో వస్తుంది. అది చిన్నప్పుడు హామ్లెట్‌ని వీపు మీద ఎక్కించుకుని ఆడించిన విదూషకుడు యోరిక్‌ది. రెండింటినీ కలిపి కుట్టింది జనం. ఒక విధంగా జనమే గెలిచారు, ఎందుకంటే ఇప్పుడు పుర్రె లేకుండా హామ్లెట్‌ని ఎవరూ ఊహించుకోలేరు. ఆండ్రే చైకోవ్‌స్కీ అనే పియానో విద్వాంసుడు 1982లో చనిపోతూ, తన పుర్రెని నాటకాల్లో వాడుకోమని రాయల్ షేక్స్‌పియర్ కంపెనీకి రాసిచ్చాడు. చాలా ఏళ్ళు పెట్టెలోనే ఉండిపోయింది. 2008లో డేవిడ్ టెనెంట్ హామ్లెట్‌గా వేసినప్పుడు యోరిక్‌గా రంగస్థలం ఎక్కింది. పోయాక కూడా వేషం దొరికింది ఆయనకి.

ఇంతవరకూ చెప్పినవన్నీ మాటలు. మాటలతో బతికేదాన్ని కాబట్టి షేక్స్‌పియర్ అంటే మాటలేనని చాలాకాలం అనుకున్నాను. అకిరా కురొసావా ‘త్రోన్ ఆఫ్ బ్లడ్’ చూసిన రోజు ఆ నమ్మకం పోయింది. 1957లో వచ్చిన జపాన్ సినిమా. కథ మాక్‌బెత్‌దే, కానీ షేక్స్‌పియర్ రాసిన ఒక్క వాక్యమూ అందులో లేదు. ముగ్గురు మంత్రగత్తెల బదులు అడవిలో రాట్నం తిప్పుతూ కూర్చున్న ఒక్క ముసలి ప్రేతం. భార్య పాత్ర మొగుడికి హత్య నూరిపోసేటప్పుడు మొహం కదలదు, ఆమె నడిస్తే పట్టుబట్టల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆఖర్లో హీరో తొషిరో మిఫునే మీదికి బాణాల వాన కురుస్తుంది. వాటిలో నిజమైన విలుకాళ్ళు వేసిన నిజమైన బాణాలున్నాయి. ఆయన మొహంలో కనిపించే భయంలో ఎంత నటనో ఎంత నిజమో చెప్పడం కష్టం. సినిమా అయ్యాక నాకు తోచిన మొదటి సంగతి కాస్త అవమానంగా ఉంది: నాలాంటివాళ్ళు లేకపోయినా ఈయన దేశాలు దాటేస్తాడు.

దాటేది కథలోని ముడి. షేక్స్‌పియర్ నాటకాల మీద విశాల్ భరద్వాజ్ హిందీలో తీసిన సినిమాలు మూడూ మళ్ళీ మళ్ళీ చూసింది ఆ ముడి కోసమే. ఒథెల్లోలో కథంతా ఒక చేతిరుమాలు మీద తిరుగుతుంది. భర్త మొదటి కానుకగా ఇచ్చినది, వేరే మగాడి దగ్గర కనిపిస్తుంది, కొంప మునుగుతుంది. ఈ కాలంలో చేతిరుమాలు పోయిందని పెళ్ళాన్ని చంపేవాడుంటే ప్రేక్షకులు నవ్వుతారు. 2006లో వచ్చిన ‘ఓంకారా’లో దాని చోట వడ్డాణం పెట్టారు. నగ, అందులోనూ నడుముకి పెట్టుకునే నగ, ఇంకో ఆడదాని ఒంటి మీద కనిపించింది. ఇక ఎవరికీ ఏమీ విడమరచి చెప్పనక్కర్లేదు. 2003 నాటి ‘మక్బూల్’లో మంత్రగత్తెలు ఇద్దరు పోలీసులయ్యారు. జాతకం గీస్తూ జోస్యం చెబుతారు, అవసరమైతే ఆ జోస్యం నిజమయ్యేలా తామే చూస్తారు. 2014లో ‘హైదర్’. 1995 నాటి కశ్మీర్. తండ్రి మాయమైపోయాడు, ఉన్నాడో లేడో తెలియదు. ‘ఉండటమా, లేకపోవడమా’ అన్న ప్రశ్న అక్కడ తత్వం కాదు. నడిబజార్లో నిలబడి మనం ఉన్నామా లేమా అని అడగాల్సి రావడం. ఆ సన్నివేశం తర్వాత అసలు హామ్లెట్ స్వగతం నాకు కొంచెం చప్పగా అనిపించింది. ఇలా అన్నందుకు ఇంగ్లీషు లెక్చరర్లు క్షమించాలి.

చేతిరుమాలు గురించి ఆలోచిస్తున్నప్పుడల్లా శకుంతల ఉంగరం గుర్తొస్తుంది. అదీ భర్త ఇచ్చిన గుర్తే, అదీ పోతుంది, అదీ పరాయి చేతిలో దొరుకుతుంది. కానీ కాళిదాసు ఉంగరం దొరికితే మరిచిపోయినవాడికి జ్ఞాపకం వచ్చి కాపురం నిలబడుతుంది. ఒథెల్లో రుమాలు దొరికితే కాపురం కూలుతుంది. ముడి ఒకటే, లాగిన వైపు వేరు.

ఇవన్నీ ‘కాపీ’ అని ముక్కు విరిచేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి షేక్స్‌పియర్ అలవాట్లు తెలియవు. రోమియో కథ ఆయన కల్పించింది కాదు. ఇటలీలో ఎప్పటినుంచో తిరుగుతున్న కథ. 1562లో ఆర్థర్ బ్రూక్ అనే ఆయన దాన్ని ఇంగ్లీషులో పెద్ద పద్యంగా రాస్తే, దాన్ని తీసుకుని ఈయన నాటకం కట్టాడు. ‘ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ది ఇంకా పాత సంగతి. అసలు సరుకు ప్లాటస్ అనే రోమన్ నాటకకర్తది, క్రీస్తు పూర్వం నాటిది. ప్లాటస్ దగ్గర కవలల జత ఒకటే. ఈయన పనివాళ్ళ కవలల్ని కూడా తెచ్చి గందరగోళం రెట్టింపు చేశాడు. అక్కడి నుంచి చూడండి: 1869లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ దాన్ని బెంగాలీలో ‘భ్రాంతి విలాస్’గా రాశారు. అది 1963లో ఉత్తమ్ కుమార్‌తో సినిమా అయింది. 1968లో ‘దో దూనీ చార్’ అని హిందీలోకి వచ్చింది. 1982లో గుల్జార్ ‘అంగూర్’ తీశారు. మన కందుకూరి వీరేశలింగం గారు ఇదే నాటకాన్ని ‘చమత్కార రత్నావళి’గా తెలుగులో పెట్టారు. సంఘసంస్కరణ చేస్తూ, పత్రికలు నడుపుతూ, మధ్యలో కవలల తమాషా రాయడానికి ఆయనకి తీరిక ఎలా దొరికిందో! తెలుగు సినిమాలో డబుల్ యాక్షన్ చూసి ఈలలు వేసినవాళ్ళం, ఏనాటి వాడికో కొంచెం బాకీ ఉన్నట్టే.

లియర్ రాజు కథ నాకు వీటన్నిటికన్నా దగ్గర. అందుకు కారణం షేక్స్‌పియర్ కాదు, ‘గుణసుందరి కథ’. 1949లో కె.వి.రెడ్డి తీసిన సినిమా. చిన్నప్పుడు టీవీలో చూశాను, అమ్మ పక్కన కూర్చుని. తనంటే ఎంత ప్రేమో చెప్పమని రాజు ముగ్గురు కూతుళ్ళనీ అడుగుతాడు. పెద్దవాళ్ళిద్దరూ తండ్రిని ఆకాశానికెత్తుతారు. చిన్నది గుణసుందరి మాత్రం పెళ్ళైన ఆడదానికి భర్తే ముందు అంటుంది. రాజుకి ఒళ్ళు మండి ఆమెని వికలాంగుడైన దైవాధీనానికి కట్టబెడతాడు. అది కింగ్ లియర్ కథ నుంచి వచ్చిందని ఎక్కడో చదివినప్పుడు, భర్తే దైవం అనే మాట మాత్రం మనవాళ్ళు కలిపి ఉంటారులే అనుకున్నాను. పతివ్రతల కథలు రాజ్యమేలిన కాలం కదా. తర్వాతెప్పుడో అసలు నాటకం చదివితే ఆశ్చర్యపోయాను. లియర్ చిన్న కూతురు కార్డీలియా అచ్చంగా ఆ మాటే అంటుంది: నాకు పెళ్ళయితే నా ప్రేమలో సగం, నా బాధ్యతలో సగం నా చెయ్యి పట్టుకున్నవాడు తీసుకుపోతాడు, అక్కల్లాగా మొత్తం తండ్రికే అని నేను అనలేను. అంటే మనవాళ్ళు కలపలేదు. ఉన్న లైన్లలో మన ఇళ్ళలో పేలేది ఏదో చూసి, దాన్ని పట్టుకున్నారు. సగాన్ని మొత్తం చేశారు, అంతే. స్క్రిప్టు పని తెలిసినవాడు చేసే పనే అది.

కానీ చివర్లో తేడా ఉంది. షేక్స్‌పియర్ కార్డీలియాని చంపేస్తాడు, ఆమె శవాన్ని చేతుల్లో పట్టుకుని లియర్ కూడా పోతాడు. గుణసుందరికి అంతా మంచే జరుగుతుంది, శాపాలు తీరతాయి. ఇలా సుఖాంతం చెయ్యడం మన సినిమావాళ్ళ బలహీనత అని నవ్వుకునేదాన్ని. అదీ తప్పే. షేక్స్‌పియర్ కన్నా ముందు ఇంగ్లండులో ఆడిన పాత లియర్ నాటకం సుఖాంతమే. ఆయన పోయాక, 1681లో నాహమ్ టేట్ అనే కవి కార్డీలియాని బతికించి పెళ్ళి కూడా చేశాడు. ఇంగ్లండు రంగస్థలం మీద సుమారు నూటయాభై ఏళ్ళపాటు ఆడింది ఆ లియరే. శామ్యూల్ జాన్సన్ అంతటి పండితుడు కార్డీలియా చావు చదివి తట్టుకోలేక, ఆ చివరి రంగాల జోలికి చాలా ఏళ్ళు మళ్ళీ పోలేదని తనే రాసుకున్నాడు. షేక్స్‌పియర్ దేశస్థులే భరించలేని ముగింపుని మా అమ్మ భరించాలని నేనెలా అనుకున్నాను?

షేక్స్‌పియర్ ఈ దేశానికి ఎలా వచ్చాడో కూడా మరిచిపోకూడదు. ఓడల్లో, తెల్లదొరల పాఠ్యపుస్తకాల్లో, పరీక్ష ప్రశ్నగా వచ్చాడు. మార్కుల కోసం బట్టీ పట్టిన తరాలు ఉన్నాయి. అలా నెత్తిన రుద్దిన సరుకుని తీసుకుని ఎవరికి కావలసినట్టు వాళ్ళు వాడుకోవడమే నాకు ఈ కథలో నచ్చే భాగం. టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే దేశాన్ని నడుపుతూనే షేక్స్‌పియర్‌ని స్వాహిలీలోకి అనువదించాడు. ‘జూలియస్ సీజర్’ అనువాదం 1963లో వచ్చింది. 1969లో వచ్చిన ‘వెనిస్ వర్తకుడు’కి ఆయన పెట్టిన పేరు ‘మబెపారి వా వెనీసి’. అంటే వెనిస్ పెట్టుబడిదారులు. సోషలిస్టు కదా, పేరులోనే తీర్పు చెప్పేశాడు. అనువాదకులం పేరు పెట్టే అవకాశం దొరికితే ఊరుకోం.

దక్షిణాఫ్రికాలో రాబెన్ ఐలండ్ జైలు కథ కూడా అలాంటిదే. సన్నీ వెంకటరత్నం అనే ఖైదీ దగ్గర షేక్స్‌పియర్ సంపుటం ఒకటి ఉండేది. జైలువాళ్ళు లాక్కోకుండా దాని అట్ట మీద దీపావళి గ్రీటింగ్ కార్డులు అంటించి, ఇది మా మతగ్రంథం అని చెప్పాడు. ఆ పుస్తకం సెల్‌లు తిరిగింది. ఎవరికి నచ్చిన భాగం దగ్గర వాళ్ళు సంతకం చేశారు. 1977 డిసెంబరు 16న నెల్సన్ మండేలా సంతకం పెట్టింది ‘జూలియస్ సీజర్’లో ఒకచోట: పిరికివాళ్ళు చావుకి ముందే చాలాసార్లు చస్తారు, ధీరుడు చావుని ఒక్కసారే రుచి చూస్తాడు. నాటకంలో ఈ మాట అంటున్న సీజర్‌ని ఇంకొద్ది గంటల్లో పొడిచి చంపుతారు, భార్య వెళ్ళొద్దని బతిమాలుతుంటే గొప్పకి పోయి అంటాడు. గొప్పకి అన్న మాట జైలుగోడల మధ్య వేరే బరువుతో పలికింది.

ఇంత చెప్పాక ఒక చిరాకు కూడా కక్కేయాలి. రెండు కుటుంబాల పగ, మధ్యలో ప్రేమ అనగానే రోమియో జూలియట్ అనేస్తారు. పగలూ ప్రేమలూ షేక్స్‌పియర్ పుట్టక ముందు నుంచీ ఉన్నాయి బాబూ. అన్ని వేల మాటలు ఆయనే పుట్టించాడు అనే లెక్కలు కూడా నమ్మకండి. నిఘంటువులు కట్టినవాళ్ళు ఆయన్ని మిగతావాళ్ళ కన్నా శ్రద్ధగా చదివారు. అందుకని చాలా మాటలకి మొదటి ఉదాహరణగా ఆయన పేరు పడింది. ఆ మాటలు అప్పటికే సంతలో, సారాకొట్టులో నలుగుతూ ఉండొచ్చు. ఇవన్నీ చెబితే మా ఇంట్లోవాళ్ళు టీవీ చూడనివ్వవా అని నన్ను గదిలోకి పంపేస్తారు. ఒకసారి యురేనస్ మీద డాక్యుమెంటరీ వస్తుంటే, టైటానియా, ఒబెరాన్, మిరాండా అని దాని చంద్రుల పేర్లు వినగానే, ఇవన్నీ షేక్స్‌పియర్ పాత్రల పేర్లేనని గట్టిగా అరిచాను. ఆ రాత్రి రిమోట్ నాకు దక్కలేదు.

పోయిన నెల ఒక హైస్కూల్ కామెడీ చేశాను. మూడో ఎపిసోడ్‌లో ఒక పిల్ల, చదువు అంతంతమాత్రం, స్కూల్ నాటకంలో జూలియట్ వేషం దక్కిందని మురిసిపోతూ ఇంటి మేడ మీద నిలబడి ప్రాక్టీసు చేస్తుంటుంది. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నాలుగు వైపులా వెతుకుతూ, వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో అని అరుస్తుంది. పక్కింటి కుర్రాడు కిటికీలోంచి, తన పేరు వేరని చెబుతాడు.

చాలాసేపు కూర్చున్నాను దాని ముందు. నోటుబుక్కు పక్కనే ఉంది. "రోమియో, నువ్వు రోమియోవి ఎందుకయ్యావు?" అని టైపు చేశాను. పక్కింటి కుర్రాడి జవాబుతో కలిపి చదివితే అదీ బాగానే ఉంది. చెరిపేశాను. "రోమియో, ఎక్కడున్నావు?" అని రాసి పంపేశాను.

రెండో రోజే ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆవిడే. "వేర్‌ఫోర్ అంటే ఎందుకు కదండీ? ఇంతకాలం తర్వాత మీరు కూడా ఇలా రాస్తే ఎలా?"

కింద రాశాను: "నిజమేనండీ. కానీ ఆ పిల్లకి తెలియదు. చెయ్యి ఎక్కడ పెట్టిందో చూడండి."

ఆ లైను అలాగే ఉంచారు.